చేతుల పుష్పవల్లి

సూది దిగేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోవాలని ప్రతిసారీ అనుకుంటుంది పుష్పవల్లి. ప్రతిసారీ కళ్ళు విప్పుకుని మరీ చూస్తుంది. చూడకుండా ఎలా ఉంటుంది, తన ఒంట్లో నెత్తురు తన కళ్ళముందే సన్నటి గొట్టంలోకి వచ్చి, ఒక మలుపు తిరిగి, మంచం పక్కన కిందికి వేలాడుతున్న సంచిలోకి ఎవరూ తోయకుండా, ఎవరూ లాగకుండా తనంతట తాను దిగిపోతుంటే! ఎర్రగా ఉంటుందనుకుంటాం గానీ ఉండదు, నేరేడుపండు పిసికినట్టు నల్లెరుపు. ఎర్రగా ఉండేది సినిమాలో పోసే నెత్తురు. ఎన్ని షాట్లలో ఈ ముంజేతి మీద రంగునీళ్ళు పోశారో, కెమెరాకి ఎర్రగా కనపడాలని. ఇప్పుడీ అసలుది చూపిస్తే ఏ డైరెక్టరూ ఒప్పుకోడు, "ఇది నెత్తురులా లేదయ్యా, మార్చండి" అంటాడు. ఆ మాట తోచి నవ్వొచ్చింది. నవ్వితే చెయ్యి కదిలింది. నర్సు పద్మప్రియ ప్లాస్టరు మీద వేలితో ఒకసారి నొక్కి, "కదలకండి ఆంటీ. బంతి పిసుకుతూ ఉండండి, కళ్ళు తిరిగినట్టుంటే పిలవండి," అని పక్క మంచం మీద దుప్పటి సర్దడానికి వెళ్ళింది. ఆ మంచానికి కూడా ఇవాళ ఎవరో వస్తారట.

ఈ జూబిలీహిల్స్ ఆసుపత్రి మేడమీది గదికి రావడం మొదలుపెట్టి నెలలు గడిచాయి, ఆశ్చర్యం మాత్రం పాతబడలేదు. రోగం వస్తే మందు మింగుతారు, సూది పొడుస్తారు, మరీ ముదిరితే నెత్తురు ఎక్కిస్తారు. నెత్తురు తీసి పారబోయడమే మందు అని ఎవరైనా చెబితే నమ్ముతామా? ఊరికే తీయడం కాదు, ఒక పెద్ద సీసాడు. తీసిన తర్వాత ఇంటికి పంపిస్తారు, ఇంటికి వెళ్ళి అన్నం తిని పడుకుంటే మళ్ళీ ఊరుతుంది, చెలమలో నీళ్ళు ఊరినట్టు. ఊరడానికి ఇనుము కావాలి కదా, ఆ ఇనుము కాలేయంలో ఎన్నేళ్ళ నుంచో పేరుకుపోయి ఉంది, దాన్ని కొంచెం కొంచెంగా వాడుకుంటుందట ఒళ్ళు. అలా తోడేకొద్దీ కాలేయం తేలికపడుతుందట. తోడటమే వైద్యం. ఎవరు కనిపెట్టి ఉంటారీ కిటుకు, వాడి తల్లి కడుపు చల్లగుండ! తను నిద్రపోతున్నా, ఏడుస్తున్నా, పప్పుకి పోపు పెడుతున్నా, లోపల ఎక్కడో ఎముకల్లో ఎవరో కూర్చుని చుక్క తర్వాత చుక్క నెత్తురు తయారు చేస్తూనే ఉన్నారు. నలభై ఏళ్ళు దాటినా తను ఆ సంగతి ఒక్కసారి కూడా తలుచుకున్న పాపాన పోలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది, తన ఒంట్లోనే తను కిరాయికి ఉంటున్నట్టు అనిపిస్తుంది.

కుడిచెయ్యి ఖాళీగా మంచం అంచున ఉంది, గ్లవుజు తీసేసి. దానివైపు చూడాలంటేనే భయం. పోయినసారి డాక్టరు ప్రభాకర్ గారు ఆ చేతిని వెలుతురులో తిప్పి తిప్పి చూసి, "లోపల అంతా దారికొస్తోందండీ, పరీక్షలు అదే చెబుతున్నాయి. తోలు మాత్రం అన్నిటికన్నా ఆలస్యంగా వింటుంది. కొత్త పొక్కులు రావట్లేదు, మంచిదే. ఇక గట్టిపడిందా లేదా అనేది మామూలుగా పనులు చేసుకుంటే మీకే తెలుస్తుంది," అన్నారు. మామూలుగా అట! ఆయనకేం, చెప్పడం తేలిక. గిన్నె తోమితే తోలు లేచిపోయిన చెయ్యి, తలుపు గడియ తగిలితే చీరుకుపోయిన చెయ్యి. ఈ చేతుల్ని రెండేళ్ళుగా పచ్చిగుడ్లలా మోసుకు తిరుగుతోంది తను. గట్టిపడిందో లేదో చూడాలంటే దేనికో ఒకదానికి రాయాలి, నొక్కాలి. ఒకవేళ ఊడి వస్తే? అప్పుడిక ఆశ పెట్టుకోవడానికి కూడా ఏం మిగలదు. అందుకే చూసుకోలేదు. బయట వసారాలో బల్ల మీద కూర్చున్నాడే హనుమంతు, తన మొగుడు, ఆయనకీ ధైర్యం లేదు. ఆయన ఈ చేతులు ముట్టుకుని ఎంత కాలమైందో ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఆ మాట ఎత్తరు.

కిటికీకి పరదా వేసి ఉంది, తన కోసమే వేశారు. పక్కన సందులోంచి కొంచెం కనబడుతుంది: ఫిల్మ్‌నగర్ వైపు దిగే రోడ్డు, ఒకదాని మీదొకటి ఎవరో పేర్చినట్టున్న బండలు, ఆ బండల్ని పగలగొట్టి కడుతున్న మేడలు. ఇదివరకు ఎండ పైనుంచే వచ్చేది, గొడుగు వేస్తే సరిపోయేది. సాఫ్ట్‌వేర్ పుణ్యమా అని ఈ నాలుగైదేళ్ళలో లేచిన బిల్డింగులన్నిటికీ అద్దాలే, ఎండ ఆ అద్దం మీద పడి ఈ అద్దం మీదికి దూకి అడ్డంగా వచ్చి కొడుతుంది, గొడుగు ఎటు పట్టుకోవాలో తెలియదు. అయినా ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ళే తన పరువూ కాపాడారు. స్కూటీల మీద పోయే ఆడపిల్లలందరూ మోచేతుల దాకా గ్లవుజులు, మొహానికి చున్నీ చుట్టుకుని కళ్ళు మాత్రమే కనిపించేలా తిరుగుతుంటే, ఆ గుంపులో తనూ ఒకతి అయిపోయింది. కూతురు ప్రణవి కూడా ఆ కంపెనీల్లోనే చేరింది. రాత్రంతా కంప్యూటర్ ముందు దాని వేళ్ళు ఆడుతూ ఉంటాయట. తన వేళ్ళూ అలాగే ఆడేవి, కెమెరా ముందు.

ఇండస్ట్రీలో డాన్సుల ఫలానా, ఫైట్ల ఫలానా ఉన్నట్టే ఈవిడ చేతుల పుష్పవల్లి. హీరోయిన్ ఉత్తరం మడతపెడుతుంది, చేతులు పుష్పవల్లివి. హీరోయిన్ నుదుట బొట్టు దిద్దుకుంటుంది, వేలు పుష్పవల్లిది. విషం గ్లాసు పట్టుకుని వణికితే ఆ వణుకు కూడా పుష్పవల్లిదే. నగల కంపెనీ వాళ్ళకైతే మరీ చిత్రం: హీరోయిన్ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నవ్వుతుంటే, ఆ చెయ్యి ఇచ్చిన మనిషి ఆమె వీపు వెనకాల మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె చంక కిందనుంచి చెయ్యి ముందుకు పెట్టి ఊపిరి బిగపట్టి ఉంటుంది. రెండు ఊపిరులు కలవాలి, లేకపోతే చెయ్యి ఒకరిదీ మొహం ఒకరిదీ అని తెలిసిపోతుంది. చెక్‌పోస్టు దగ్గర ఆ హోర్డింగు పెట్టినప్పుడు హనుమంతు స్కూటర్ ఆపి, "చూడు, గా పిల్ల మొఖం ఎట్లున్నా సరే, చెయ్యి మాత్రం మా ఇంట్లదే," అని నడిరోడ్డు మీద పకపకా నవ్వాడు. హీరోయిన్లు మారారు, చేతులు మారలేదు. అమ్మాయిలు వచ్చారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు, అత్తపాత్రలకి దిగారు, వాళ్ళ తర్వాత ఇంకో వరస వచ్చింది, అందరికీ ఈ చేతులే. ఎవరూ గుర్తుపట్టలేదు. ముంజేతి కంకణానికి అద్దమెందుకంటారు గానీ, ఆ ముంజెయ్యి ఎవరిదని అడిగినవాడు ఒక్కడూ లేడు.

ఆ విద్య నేర్పింది నాగేశ్వరి. మద్రాసులో పాతకాలం హీరోయిన్లకి చేతులిచ్చి, ఇండస్ట్రీతో పాటు ఇక్కడికి తరలివచ్చి శ్రీనగర్ కాలనీలో చిన్న వాటాలో ఉండేది. ఎండలో చెయ్యి పెట్టకు, సబ్బు ముట్టకు, పాలమీగడ రాయి, షాటుకి ముందు అరచేతి మడతలో దిష్టిచుక్క పెట్టుకో, కెమెరాకి కనబడకూడదు, దిష్టికి కనబడాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది చివర చెవిలో చెప్పింది. "గోళ్ళకి రంగు వేస్తే రంగు రంగులాగే కనిపిస్తుందే పిల్లా. లోపల నెత్తురు పట్టి, గోరు కింద గులాబీరంగు రావాలి. దానికి ఒకటే మార్గం, ఐరన్ మాత్రలు. రోజూ వేసుకో, మానకు." చేతులిచ్చే ఆడవాళ్ళందరి రహస్యం అది, ఒకరికొకరు చెప్పుకోరు, అందరూ మింగుతారు. పుష్పవల్లి దేవుడి ప్రసాదంలా కళ్ళకద్దుకుని మింగింది. ఏళ్ళకేళ్ళు. పైన బెల్లం, ఖర్జూరం, ఇనప మూకుడులో వండిన కూరలు. గోళ్ళు నిజంగానే మెరిసేవి, కెమెరామెన్‌లు మెచ్చుకునేవారు. కొరివితో తల గోక్కుంటున్నానని ఎవరు చెబుతారు అప్పుడు?

బంతి పిసకడం మర్చిపోయింది. పిసికింది. గొట్టంలో నలుపు కొంచెం ఊపందుకుంది. ఇంతకీ మొదటి పొక్కు ఎప్పుడు లేచింది? వేసవిలో, తోటలో పాట తీస్తున్నప్పుడు. హీరోయిన్ గులాబీ రేకులు తుంచే షాటు. రిఫ్లెక్టర్లు తిప్పి ఎండనంతా ఈ రెండు చేతుల మీద పోశారు. మర్నాటికి చేతుల వెనక వేరుశనగ గింజంత నీటిపొక్కులు. ముల్లు గుచ్చుకుందన్నారు, పురుగు పాకిందన్నారు, మేకప్‌కి పూసే పాన్‌కేక్ పడలేదన్నారు. దిష్టి అన్నారు అందరికన్నా గట్టిగా. అన్ని హాళ్ళలో అంతమంది చూసిన చేతులు, తగలదూ మరి? ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో పోస్తే ఘాటు రాలేదని హనుమంతు కూడా తలాడించాడు. పొక్కులు చితికి మచ్చలయ్యాయి, మచ్చల పక్కన తెల్ల గింజలు, వాటి పక్కన కొత్త పొక్కులు. మేకప్ వాళ్ళు వాటి మీద పాన్‌కేక్ పూశారు, పూసినది తుడిచేటప్పుడు తోలూ వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా చెంపల పక్కన సన్నగా నల్లటి నూగు మొలిచింది, మూత్రం డికాక్షన్ రంగులోకి తిరిగింది. సెట్‌లో టీ గ్లాసు వేరుగా పెట్టడం మొదలైంది. ఎవరూ ఏమీ అనలేదు, గ్లాసు మాత్రం వేరుగా ఉండేది. పెద్దరోగం అనే మాట ఎవరి నోటా రాకుండానే గది అంతా ఆ మాటే వినిపించేది. నాగేశ్వరి చూడడానికి వచ్చి గుమ్మంలోనే నిలబడి, "మాత్రలు ఇంకోటి ఎక్కువ వేసుకో," అని వెళ్ళిపోయింది. పాపం, ఆవిడకి తెలిసింది అంతే.

హనుమంతు మాత్రం నేరం తనమీద వేసుకున్నాడు. లైట్‌మన్ ఆయన. తమ పరిచయమే అలా: నూనూగు మీసాల కుర్రాడు నిచ్చెన మీదనుంచి ఒక పెద్ద లైటు తిప్పి, ఎవరిదో మొహం తెలియని చెయ్యి మీద వెలుగు సర్ది, సర్దుతూ సర్దుతూ ఆ చేతినే చూస్తూ నిచ్చెన దిగడం మర్చిపోయాడు. ఇన్నేళ్ళు తన లైట్లే ఈ చేతుల్ని కాల్చాయని ఆయన గట్టిగా నమ్మాడు. ఇంట్లో ట్యూబులైటు తీసేసి జీరో బల్బు పెట్టాడు. ఒకరోజు యూసుఫ్‌గూడ రోడ్డు దాటుతుంటే క్యాబ్ ఒకటి మీదికి దూసుకొచ్చింది, ఆయన గబుక్కున ఈమె చెయ్యి పట్టుకుని లాగాడు. ప్రాణం దక్కింది. తోలు ఆయన చేతిలోకి వచ్చింది, ఉడికిన టమాటా పొట్టులాగా. నెత్తురు, చీర మీదా ఆయన చొక్కా మీదా. ఆయన తన అరచేతిలోకి చూసుకున్న చూపు ఉంది చూడండి, ఆ నొప్పి అయినా మర్చిపోతుంది గానీ ఆ చూపు మర్చిపోలేదు పుష్పవల్లి. ఆ రోజు నుంచి ఆయన ఒక అడుగు ఎడంగా నడుస్తాడు. అన్నం వడ్డిస్తే కంచం కింద పెట్టించుకుని తీసుకుంటాడు. రాత్రి పడుకున్నాక ఆయన చెయ్యి మంచం మధ్యదాకా వచ్చి ఆగిపోవడం ఈమె చీకట్లో కళ్ళు మూసుకునే చూస్తుంది.

ఆ తర్వాతే ప్రణవి పట్టుబట్టి ఈ డాక్టరు దగ్గరికి తీసుకొచ్చింది. అంతకుముందు డాక్టర్లు ఎన్ని ఆయింట్‌మెంట్లు రాసినా ఇలాంటి వింత చూపించిన వాళ్ళు ఎవరూ లేరు. ప్రభాకర్ గారు ఒక గాజు గొట్టంలో ఈమె మూత్రం పోసి, పక్కనే ఇంకో గొట్టంలో మంచినీళ్ళు పోసి, కిటికీ పరదాలు లాగి, గదిలో లైటు ఆర్పి, చేతిలో ఇమిడే చిన్న ఊదారంగు దీపం వెలిగించారు. మంచినీళ్ళు నల్లగా అలాగే ఉన్నాయి. మూత్రం పోసిన గొట్టం వెలిగింది! మెరిసింది కాదు, వెలిగింది, లోపల ఎవరో నిప్పు రాజేసినట్టు, దానిమ్మ గింజలో ప్రాణం పోసినట్టు, ఎర్రగా, గులాబీగా, కాషాయంగా. చీకట్లో తండ్రీ కూతుళ్ళ మొహాల మీద ఆ రంగు పడింది. ముందు తేరుకున్నది హనుమంతు, ఎంతైనా లైట్‌మన్ కదా. "సార్, తప్పుగ అనుకోకుండ్రి, ఆ లైటుకు రంగుల జెల్ పేపర్ ఏమన్న కట్టిండ్రా?" డాక్టరు నవ్వి దీపం ఆయన చేతికే ఇచ్చారు. హనుమంతు తిప్పి చూశాడు, గోకి చూశాడు, ఆర్పి వెలిగించాడు. ఆర్పితే చీకటి, వెలిగిస్తే మళ్ళీ ఆ నిప్పు. "ఎంత పెద్ద పెద్ద సెట్లు లైటింగ్ చేసినం గానీ, గిట్లాంటిది చూడలే వల్లీ," అన్నాడు నెమ్మదిగా, గుళ్ళో మాట్లాడినట్టు. పుష్పవల్లికి సిగ్గు వేయాలి న్యాయానికి. సిగ్గు వేయలేదు. ఇంత అందమైనది తన ఒంట్లోనా అని దిమ్మెరపోయి కూర్చుంది.

"దీని పేరు పోర్ఫిరియా అండీ," అన్నారాయన లైటు వేసి. నెత్తురుకి ఎరుపు తెచ్చే సరుకు ఒంట్లో మెట్టు మెట్టుగా తయారవుతుంది, మీ కాలేయంలో ఒక మెట్టు దగ్గర పని సరిగా సాగట్లేదు, సగం తయారైన సరుకు పేరుకుపోయి తోల్లోకి చేరుతోంది, దాని మీద వెలుతురు పడితే ఇలా రేగుతుంది, తోలుని పుండు చేస్తుంది, అని వివరించారు. "అంటే లైటే కద సార్," అన్నాడు హనుమంతు, శిక్ష వినబోయేవాడిలా. "లైటు అగ్గిపుల్ల మాత్రమే. మందుగుండు లోపల ఉంది. మీ లైట్ల కింద ఎంతమంది పనిచేశారు, వాళ్ళందరికీ వచ్చిందా?" హనుమంతు తల అడ్డంగా ఊపాడు, ఊపుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. మందుగుండు ఎవరు పోశారంటే, ఇద్దరు. ఒకటి కాలేయంలో ఏళ్ళ తరబడి చడీచప్పుడు లేకుండా కాపురం పెట్టిన వైరస్, కామెర్ల జాతిది, సి రకం. రెండోది ఇనుము. "ఐరన్ మాత్రలేమైనా వాడారా?" అని అడిగితే పుష్పవల్లి గర్వంగా, "ఒక్కరోజు మానలేదండీ," అంది. డాక్టరు కలం కింద పెట్టేశారు. అది చూసి ఈమెకి అర్థమైంది. ఈ చేతుల అందం కోసం మింగినదే ఈ చేతుల్ని తిన్నది. ఏడుపు రావాలి, నవ్వొచ్చింది, తర్వాత రెండూ కలిసి వచ్చాయి. ముందు నెత్తురు తీసి ఇనుము దించుదాం, తోలు బాగుపడ్డాక వైరస్‌కి ఇంజక్షన్లు మొదలుపెడదాం, అది కష్టమైన వైద్యమే, ఒక్కొక్కటిగా చేద్దాం, అన్నారు. ముట్టుకుంటే ఎవరికీ అంటదు, కలిసి తింటే అంటదు, నెత్తురు నెత్తురుతో కలిస్తేనే అంటుంది, అని రెండుసార్లు చెప్పారు. తండ్రికీ కూతురికీ పరీక్ష చేయించారు, లేదు. ఆ కబురు విన్న పూట పుష్పవల్లి నిలువుదోపిడీ మొక్కింది.

మరి తనకి నెత్తురు ఎవరిది కలిసింది? ప్రణవి పుట్టినప్పటిదే, ఇంకెప్పటిది. కాన్పు కష్టమై మంచం తడిసిపోయి తను పోతోందన్నారు. అప్పట్లో ఈ పరీక్షలు ఎవరికి తెలుసు? హనుమంతు షూటింగ్ దగ్గరికి పరిగెత్తి విషయం చెబితే, యూనిట్ లారీ యూనిట్ లారీగానే ఆసుపత్రికి వచ్చేసిందట, లైట్‌మన్లూ, సెట్ పనివాళ్ళూ, వంటవాళ్ళూ దుమ్ముకొట్టుకున్న బట్టలతో వరండాలో బారులు తీరి చేతులు చాపారట. కొందరి గ్రూపు కలిసింది. అందులో వడ్రంగి బసవపున్నయ్య ఒకడు. కొన్నేళ్ళకి పొట్ట ఉబ్బి, కళ్ళు పచ్చబడి పోయాడు. తాగుడు అన్నారు. తాగేవాడేమో గానీ, ఇప్పుడు ఆలోచిస్తే... ఎవరిదో ఎలా చెప్పగలం? చెప్పి ఏం చేస్తాం? ఆయనే అయితే మాత్రం, తనకి రోగం ఇద్దామని ఇచ్చాడా, ప్రాణం ఇద్దామని ఇచ్చాడు. ఇచ్చాడు కూడా. ఈ ఇరవై ఏళ్ళు ఆ ప్రాణంతోనే బతికింది, పిల్లని పెంచింది, అంతమంది హీరోయిన్లకి చేతులిచ్చింది. కోపం వస్తుందేమోనని లోపలంతా వెతుక్కుంది పుష్పవల్లి, ఎక్కడా దొరకలేదు. సంచి వైపు చూసి మనసులోనే దణ్ణం పెట్టుకుంది, ఎవరికని తనకే తెలియదు. మనిషి ఒంట్లోంచి తీసి మనిషి ఒంట్లో పోస్తే బతుకుతాడనేది ఎంత వింత! అందులో వైరస్ కూడా వస్తే రానీ, వింత వింతే.

తలుపు చప్పుడైంది. పద్మప్రియ చక్రాల కుర్చీలో ఒక పెద్దావిడని తీసుకొచ్చి పక్క మంచం మీదికి ఎక్కించింది. పేరు జ్ఞానప్రసూనాంబ అట, మధురానగర్‌లో ఉంటారట, ఒంట్లో నెత్తురు బొత్తిగా లేదని ఎక్కించడానికి తెచ్చారు. మనిషి గుప్పెడంత ఉంది, గొంతు మాత్రం గదంతా ఉంది. "సూది సన్నదే కదుటమ్మా? మొన్న పొడిచినవాడు గునపం పెట్టి పొడిచాడు," అని నర్సుని ఒక పక్క బెదిరిస్తూనే ఇంకో పక్క వణుకుతోంది. ఈ మంచం పక్కన సంచి కిందికి వేలాడుతోంది, ఆ మంచం పక్కన సంచి పైకి వేలాడుతోంది. ఇక్కడ మరీ ఎక్కువై తోడేస్తున్నారు, అక్కడ చాలక పోస్తున్నారు, మధ్యన ఎడం మూరెడు. ఇదేం లోకం తల్లీ అని పుష్పవల్లి ఆ రెండు సంచుల్నీ మార్చి మార్చి చూస్తోంది. పద్మప్రియ నరం కోసం తడుముతోంది. దొరకలేదు. మళ్ళీ తడిమింది. "అమ్మో, అమ్మాయ్!" అని పెద్దావిడ చెయ్యి గాల్లోకి లేచి, పట్టుకోవడానికి ఏదీ దొరక్క, మూరెడు ఎడం దాటి వచ్చి పుష్పవల్లి కుడిచేతిని పట్టేసుకుంది.

సరిగ్గా చేతి వెనకభాగం మీద, మచ్చల మీద, నాలుగు వేళ్ళూ దిగేలా. లాక్కుంటే తోలు అక్కడే ఊడి వస్తుంది, ఒకసారి చూసింది కదా. ఊడితే నెత్తురు వస్తుంది, ఆ నెత్తురులో ఏముందో తనకి తెలుసు. లాక్కోకూడదు, కదలకూడదు, వదలమని చెప్పాలి. చెప్పబోయింది. అంతలో సూది గుచ్చుకున్నట్టుంది, పెద్దావిడ పళ్ళు బిగించి వేళ్ళు ఇంకా బిగించింది, ఉంగరం ఎముకకి ఆనింది, పట్టు అలాగే మెలి తిరిగింది. ఇక అయిపోయింది అనుకుంది పుష్పవల్లి. ఆ అయిపోయింది అనుకున్న క్షణంలోనే ఇంకేదో కూడా తెలిసింది. వెచ్చగా ఉంది. ముసలిప్రాణం వణుకు అరచేతిలోంచి తన చేతిలోకి, ముంజేతిలోకి, భుజం దాకా వస్తోంది. రెండేళ్ళలో డాక్టర్లు తప్ప ఈ చేతిని పట్టుకున్న మనిషి లేదు. ఎంత బాగుందో, భగవంతుడా, పోతే పోయింది తోలు, ఎంత బాగుందో ఒక మనిషి పట్టుకుంటే!

కేక విని హనుమంతు లోపలికి వచ్చేశాడు. చూసిందేమిటో అర్థమవగానే ఆయన మొహం పాలిపోయింది. "అమ్మా, అమ్మా, జర ఇడువుండ్రి, గామె చేతికి తోలు ఉండది..."

"ఉండనీయండి," అంది పుష్పవల్లి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "భయపడుతున్నారు పాపం. ఉండనీయండి."

"దొరికిందమ్మా నరం, అయిపోయింది," అంది పద్మప్రియ. జ్ఞానప్రసూనాంబ ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, కళ్ళు తెరిచి, తన చెయ్యి ఎక్కడుందో అప్పుడు చూసుకుంది. "అయ్యో, నీ చెయ్యి నలిపేశానా తల్లీ?" అంటూ ఒక్కొక్క వేలే వదిలింది.

మచ్చల మీద నాలుగు వేళ్ళ అచ్చు తెల్లగా పడి ఉంది, ఉంగరం దగ్గర ఒక లోతైన గీత. పుష్పవల్లి చూస్తోంది. తెలుపు అంచుల్లోంచి నెమ్మదిగా ఎరుపు తిరిగి వస్తోంది, లోపలినుంచి, పిలిస్తే వచ్చినట్టు, ఒక వేలి అచ్చు చెరిగింది, రెండోది చెరిగింది. ఎక్కడా చిరగలేదు. ఎక్కడా తడి లేదు. మచ్చలు మచ్చల్లాగే ఉన్నాయి, వాటికింద తోలు తోలులాగా, కింది మాంసాన్ని గట్టిగా పట్టుకుని, అక్కడే ఉంది. ఏ రోజు, ఏ పూట, ఏ సంచి నిండుతుండగా అతుక్కుందో ఏమో! తను భయపడుతూ దాచుకుని తిరుగుతుండగానే, తనకి ఒక్క మాట కూడా చెప్పకుండా పని అంతా పూర్తిచేసి కూర్చుంది ఒళ్ళు. కళ్ళనిండా నీళ్ళు వచ్చి చెయ్యి కనిపించకుండా పోయింది.

హనుమంతు వంగి చూశాడు, తన నీడ పడకుండా పక్కకి జరిగి మరీ చూశాడు. "ఏం కాలే వల్లీ," అన్నాడు. మళ్ళీ చూశాడు. "గింత కూడ కాలే. గట్టిగ పట్టిందా ఆమె?"

"గట్టిగానే. మీరు పట్టుకుని చూడండి."

ఆయన కదల్లేదు. ఆమె చెయ్యి చాపి అలాగే ఉంచింది. ఆయన అరచేతులు రెండూ ప్యాంటుకి తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు, తర్వాత కొత్త హాలోజన్ బల్బుని మరక పడకుండా ఎత్తుకున్నట్టు రెండు వేళ్ళతో, కొసలతో అందుకున్నాడు.

"బల్బు కాదండీ నేను," అంది పుష్పవల్లి, ఏడుస్తూ, నవ్వుతూ. "యూసుఫ్‌గూడలో పట్టుకున్నట్టు పట్టుకోండి."

హనుమంతు పట్టుకున్నాడు. రెండేళ్ళుగా మంచం మధ్యలో ఆగిపోయిన చెయ్యి అది, బలం ఎంత వాడాలో మర్చిపోయింది. ఎముకలు నొప్పి పుట్టాయి. పుష్పవల్లి వదలమనలేదు.